నీళ్ళయిందన్న నెత్తురు

నా దగ్గరికి వచ్చేనాటికే ఆమెను ముగ్గురు డాక్టర్లు చూశారు. ముగ్గురూ పొట్టనే చూశారు. నీళ్ళు చేరి బిగిసిపోయిన పొట్ట ఎదురుగా ఉంటే ఎవరి చూపైనా ముందు అక్కడికే పోతుంది. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి జరిపి రెండు కాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. నేను చూడటానికి కూడా పెద్ద కారణమేమీ లేదు. మంచం దిగమంటే ఆమె తన ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి, నిద్రపోయే పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా కింద పెట్టుకుంది. అది చూసి ఆగాను.

కుడి కాలు సన్నగా, గట్టిగా ఉంది. గొర్రెల వెంట జీవితమంతా నడిచిన కాలు. ఎడమ కాలు తొడ మొదలు దాకా ఉబ్బి, చర్మం మెరుస్తూ, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కాలేయం చెడినవాళ్ళకు కాళ్ళు వాస్తాయి, నిజమే. కానీ రెండూ వాస్తాయి.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది జమ్మలమడుగు. తాతల కాలంలో మిషను బడిలో చదువుకుని క్రైస్తవులైన కుటుంబం మాది. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు. రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు పోవడం, సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడం, ఇదే నా ఉద్యోగ జీవితం. ఆసుపత్రి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. కొందరు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. కొందరికి నా మీద ఇంకా కోపం పోలేదు. ఇప్పుడిప్పుడే వార్డుల్లో అడుగుపెడుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నీతి చెప్పడానికి కాదు. ఒక తగాదా గురించి చెప్పడానికి.

ఆమెది తొండూరు పక్కన ఒక పల్లె. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. తమ్ముడితో కలిసి గొర్రెలూ మేకలూ కాచేది. వాళ్ళ మాటలో అవి జీవాలు. ఎప్పుడో ఒకే సూదితో ఊరంతటికీ ఇంజెక్షన్లు వేసిన రోజుల్లో కామెర్ల వైరస్ ఒకటి ఆమె ఒంట్లో చేరింది. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కాలేయాన్ని తినేసింది. ఆ సంగతి తెలిసేసరికి కాలేయం గట్టిపడి, ముడుచుకుపోయి ఉంది. ఏ ఆసుపత్రికి పోయినా ఆమెను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. మా డ్యూటీ డాక్టరు కూడా అదే అడిగాడు.

"రోజుకు ఎంత తాగుతావమ్మా?"

"చెంబుడు."

"ఏం తాగుతావు? సారాయా?"

"మజ్జిగ. రాసుకో నాయనా, చెంబుడు మజ్జిగ. రాస్తివా?"

వార్డంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

ఏడాది కిందట పులివెందులలో ఒక డాక్టరు ఆమెకు నెత్తురు పరీక్ష చేయించాడు. గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష అది. మామూలు మనిషికి పట్టే దానికంటే రెట్టింపు పట్టింది. నెత్తుటిలో ప్లేట్‌లెట్లు కూడా తక్కువే. ఆయన మంచి మనసుతోనే హెచ్చరించి ఉంటాడు: "నీ నెత్తురు నీళ్ళయిపోయింది. ముల్లు గుచ్చుకున్నా ఆగదు. జాగ్రత్త."

ఆ మాట ఆమెను మంచానికి కట్టేసింది. తమ్ముడికి అక్క అంటే ప్రాణం. ఇంట్లో కత్తిపీట ఆమెకు అందకుండా దాచాడు. జీవాల వెంట ముళ్ళ కంపల్లోకి పోనివ్వలేదు. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాడు. ఏడాది పాటు ఆమె మంద పొద్దున బయటికి పోవడం, సాయంత్రం తిరిగి రావడం చూస్తూ కూర్చుంది. కదలని కాలిలో నెత్తురు కూడా కదలడం మానేసింది.

కాలికి స్కాన్ చేయించాను. మా స్కాన్ డాక్టరు కుర్రవాడు, తెలివైనవాడు. తొడ మీద పరికరం పెట్టి నొక్కాడు. మంచి రక్తనాళమైతే నొక్కగానే అణిగిపోతుంది. ఇది అణగలేదు. మోకాలి వెనక నుంచి గజ్జ దాకా గడ్డ కట్టి నిండిపోయి ఉంది. అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు చూశాడు.

"మేడమ్, ఈమె నెత్తురు రిపోర్టు చూసినారా? గడ్డే కట్టదని ఉంది. మల్ల ఇదెట్లా కట్టింది?"

"ఎట్లా కట్టిందో ఆనక చెప్తా. కట్టింది కదప్పా, నీ కండ్ల ముందరే ఉంది."

ఆ గడ్డలోంచి ఒక తునక ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మనిషి నిమిషాల్లో పోతుంది. దానికి మందు ఉంది. నెత్తురు గడ్డకట్టకుండా చేసే సూదిమందు. ఎవరికైనా ఇలాంటి కాలు ఉంటే ఆ పూటే మొదలుపెడతాం. కానీ ఈమె నెత్తురు నీళ్ళయిందని రాసిపెట్టి ఉన్న మనిషి. ఆ సూది పేరు ఎత్తగానే వార్డులో గాలి మారిపోయింది.

ముందు మా పెద్ద సర్జన్ గారు వచ్చారు. ఆ ఆసుపత్రిలో అందరికంటే సీనియర్. చేతిపని చూస్తే ముచ్చటేసేది. చాలా ఏళ్ళ కిందట ఇలాగే కాలేయం చెడిన ఒకాయనకు చిన్న ఆపరేషన్ చేస్తే నెత్తురు ఆగక ఆయన బల్ల మీదే పోయాడు. ఆ రోజు నుంచి కామెర్ల పచ్చటి కళ్ళు కనపడితే చాలు, ఆ మంచి చేతులు వెనక్కి పోయేవి. ఆ భయాన్ని నేను ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. కళ్ళారా చూసిన చావు వల్ల వచ్చిన భయం అది.

"ఏమ్మా, నెత్తురు పల్చగుండే మనిషికి ఇంగా పల్చగయ్యే మందు ఇస్తావా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"పల్చగ కాలేదు సార్. ఆ పరీక్ష సగమే చెప్తాంది."

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ ఊరు. అందుకే ఆయనకు పాత త్రాసు లెక్కన చెప్పాను. నెత్తురును గడ్డకట్టించే సరుకును తయారుచేసేది కాలేయమే. అతిగా గడ్డకట్టకుండా ఆపే సరుకును తయారుచేసేదీ కాలేయమే. అది చెడిపోతే రెండు తట్టల్లోనూ బరువు తగ్గిపోతుంది. త్రాసు మాత్రం దాదాపు సమంగానే నిలబడుతుంది. కాకపోతే రెండు తట్టలూ తేలికైపోయాయి గనుక చిన్న గింజ పడినా ఏదో ఒక వైపుకు ఒరిగిపోతుంది. ఒక వైపు ఒరిగితే నెత్తురు పోతుంది, ఇంకో వైపు ఒరిగితే గడ్డ కడుతుంది. మనం చేసే పరీక్ష ఒక్క తట్టనే చూస్తుంది. రెండో తట్టను చూడదు. ఈమె ఏడాదిగా కదలకుండా కూర్చుంది. త్రాసు గడ్డ వైపుకు ఒరిగింది.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, పిల్లలూ. పుస్తకాల్లోకి అప్పటికే వచ్చేసింది. మా వార్డు దాకా మాత్రం రాలేదు.

సార్ రిపోర్టు కాగితం మళ్ళీ ఒకసారి చదివారు. చివరికి, "సరే, ముందు ప్లాస్మా నాలుగు బ్యాగులు ఎక్కించు. రిపోర్టు బాగుపడనీ. ఆనక చూద్దాం," అన్నారు.

ఇది మీరు కూడా వింటారు. ప్లాస్మా అంటే దాతల నెత్తుటి నుంచి తీసిన, గడ్డకట్టించే సరుకున్న ద్రవం; ఏం చేయాలో తోచనప్పుడు అది ఎక్కిస్తే ఏదో చేసినట్టుంటుంది. అంకె బాగుపడుతుంది, మన మనసు కుదుటపడుతుంది. కానీ ఈ జబ్బులో గొంతు కింద అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉంటాయి. నిండిన నాళాల్లోకి ఇంకా నింపితే ఒత్తిడి పెరిగి అవి పగులుతాయి. నెత్తురు పోతుందన్న భయంతో చేసిన పని వల్లే నెత్తురు పోతుంది.

"అంకె బాగుపడుతుంది సార్. మనిషి బాగుపడదు. నేను ఎక్కించను."

ఆయన ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయారు. మేమిద్దరం కలిసి పనిచేసిన అన్నేళ్ళలో ఆయన మాటను నేను కాదనడం అదే మొదలు.

ఆ తర్వాత డైరెక్టరు గారు వచ్చారు. ఆసుపత్రి యజమానుల్లో ఒకరు, డాక్టరు కాదు. సర్జన్ గారి గదిలోంచి కబురు నేరుగా ఆయనకు చేరినట్టుంది. వార్డులోకి వచ్చి ఆమె మంచం పక్కనే నిలబడి, ఆమె అక్కడ లేనట్టుగా మాట్లాడారు.

"మేడమ్, ఈ కేసు మనకొద్దు. హైదరాబాదుకో తిరుపతికో రాసి పంపించేయండి. అంబులెన్సు వాకిట్లో పెట్టించినా. ఈడ నెత్తురు కక్కుకుందంటే వాళ్ళ మనుషులు ట్రాక్టర్లో వచ్చి అద్దాలు పగలగొడ్తారు."

"ఆ గడ్డతో అంత దూరం కుదిపితే దారిలోనే పోవచ్చు సార్."

"దారిలో పోతే మనది కాదు మేడమ్."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. క్రూరంగా కూడా అనలేదు. లెక్క సరిచూసి చెప్పినట్టు, మామూలుగా అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి గొంతు వినపడింది.

"నేను ఎవురిదో మీరు ఆనక తేల్చుకోండి. ముందు నా కాలికి ఏమైందో నాకు చెప్పేవాళ్ళు ఎవురన్నా ఉండారా ఈడ?"

డైరెక్టరు గారు ఆమె వైపు తిరిగారు. నేను స్టూలు జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నాను. తమ్ముడిని కూడా దగ్గరికి రమ్మన్నాను. చేతిలో తువ్వాలు పిండుకుంటూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు పాపం.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాలిలో గడ్డ ఉంది. కరిగించే దారి చూడకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయొచ్చు. దానికి సూదిమందు ఉంది. అది ఇస్తే గొంతు కింద ఉబ్బిన నాళాలు పగిలి నెత్తురు పోవచ్చు. అందుకని ముందు నోట్లోంచి గొట్టం వేసి లోపల చూసి, ఉబ్బిన నాళాలకు రబ్బరు కట్లు వేయించి, ఆ తర్వాతే సూది మొదలుపెడతాను.

"కట్లు వేస్తే నెత్తురు పోదా?"

"పోయే అవకాశం తగ్గుతుంది. పోదని మాట మాత్రం ఇయ్యలేను."

ఆమె నన్ను తేరిపార చూసింది. సంతలో జీవం పళ్ళు చూసి వయసు చెప్పేవాళ్ళ చూపు అది.

"మాట ఇచ్చినోళ్ళను శానామందిని చూసినా డాట్రమ్మా. నువ్వు ఇయ్యలేనంటివి. నువ్వే ఎయ్యి సూది."

తమ్ముడు ఏడుపు గొంతుతో, "అక్కా, పెద్దూరికి పోదాంలే అక్కా. ఆ సారు చెప్తాండాడు గదా. ఈడ ఏమన్నా అయితే..." అన్నాడు.

"ఒరే అబ్బీ, ఇట్రా. ముల్లు గుచ్చుకుంటే సస్తానని ఏడాది నుంచి నన్ను మంచం మీద పెట్టి కాపలా కాస్తాండావు. గుచ్చుకుందా? గుచ్చుకోలా. అయినా సస్తాండా గదా? ఇన్నాళ్ళు నీ మాట ఇన్న్యా. ఇంగ ఈ పొద్దు నా మాట ఇను."

అతను తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. కాసేపటికి తలూపాడు.

డైరెక్టరు గారు నన్ను వసారాలోకి పిలిచారు. "మీ బాధ్యత మీద చేస్తాండారు. ఏమన్నా అయితే మీరు ఈ ఆసుపత్రిలో ఉండరు," అన్నారు.

"ఉండను సార్. ఆమె ఉంటుంది. అంబులెన్సును పంపించేయండి."

ఇప్పుడు చెప్పుకుంటే బాగానే ఉంటుంది. అప్పుడు మాత్రం చీర కొంగు కింద నా చేతులు వణుకుతున్నాయి. ధైర్యం అంటే చేతులు వణకకపోవడం అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మొద్దు.

గొట్టం వేసి చూసే డాక్టరు కడప నుంచి వారానికోసారి వచ్చేవారు. ఆ రోజు ఆయన వచ్చే రోజే కావడం ఆమె అదృష్టమో నా అదృష్టమో తెలియదు. ఆయన కూడా కాగితాలు చూసి మొదట అదే అడిగారు.

"ప్లాస్మా ఎక్కించినారా?"

"లేదు. ఎక్కించను."

కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, "మీరు కూడా చదివినట్టుండారే," అని నవ్వి చేతి తొడుగులు వేసుకున్నారు. ఆ రోజంతటిలో నాతో ఎవరైనా నవ్వుతూ మాట్లాడటం అదొక్కసారే.

నాళాలు బాగానే ఉబ్బి ఉన్నాయి. ఒక్కొక్కటే పట్టి రబ్బరు కట్లు వేశారు. తెర మీద ఎర్రటి చుక్క ఎక్కడ కనపడుతుందోనని నేను వెతుకుతూ నిలబడ్డాను. నెత్తురు రాలేదు. ఆమె నోట్లో గొట్టంతో, కళ్ళు మూసుకోకుండా, పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

సాయంత్రం మొదటి సూది. మామూలుగా పొట్టకు వేసే సూది అది; ఆమె పొట్ట బిగువుగా ఉంది గనుక జబ్బకు ఇవ్వమన్నాను. మా హెడ్ నర్సు నాకంటే ఎక్కువ కాలం ఆ వార్డులో పనిచేసిన మనిషి, చేతికి తొట్రుపాటు అంటే తెలియదు. ఆ సాయంత్రం సూది చర్మం దాకా తెచ్చి ఆగింది.

"మేడమ్, ఎయ్యనా?"

"వెయ్యి."

"మీరు పక్కనే నిలబడండి."

"నిలబడతా. నువ్వు వెయ్యి."

వేసింది. అంతే. కొండలేం కూలలేదు. ఆమె జబ్బ రుద్దుకుంటూ, "ఇంతేనా? దీనికా మీ అందరి రచ్చ?" అంది.

తర్వాతి రోజుల్లో పొద్దున్నే టేపు పట్టుకుని కాలి చుట్టుకొలత తీయడం నా మొదటి పని. రోజూ కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. చర్మం మీద మెరుపు పోయి ముడతలు కనిపించసాగాయి. ముడతలు చూసి అంత సంతోషపడిన రోజులు నా జీవితంలో మళ్ళీ లేవు. కాలేయంలోని వైరస్‌కు మాత్రలు కూడా మొదలుపెట్టాం. ఏళ్ళ కిందటే మొదలుపెట్టాల్సినవి.

సర్జన్ గారు మాత్రం నాతో మాట్లాడలేదు. క్యాంటీన్లో నేను ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఆయన ఇంకో బల్ల దగ్గర కూర్చునేవారు. మధ్యలో కుర్ర డాక్టర్లు ఎటు కూర్చోవాలో తెలియక నిలబడే టీ తాగేవాళ్ళు.

ఒక పొద్దున నేను బస్సు దిగుతుండగానే ఫోను మోగింది. డ్యూటీ డాక్టరు. "మేడమ్, నెత్తురు! ఆమెకు నెత్తురు వస్తాంది. డైరెక్టరు గారికి కూడా చెప్పినాం."

బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటోలో పోతున్నంతసేపూ నేను ఒక్కటే అనుకున్నాను: కట్టు జారింది, నాళం పగిలింది, సర్జన్ గారు చెప్పినట్టే అయింది. ఉద్యోగం సంగతి గుర్తుకు కూడా రాలేదు. ఆ మంచం ఖాళీగా ఉంటే తమ్ముడి ముఖం ఎలా చూడాలి అన్నదే నా బాధ.

వార్డులోకి పోతే మంచం చుట్టూ జనం. ఆమె ముందుకు వంగి కూర్చుని ఉంది. ఒళ్ళో బేసిన్. ఆమె ముక్కును దూదితో గట్టిగా పట్టుకుని, వంగి నిలబడి ఉన్నది మా సర్జన్ గారు. ఇస్త్రీ చొక్కా మీద నెత్తురు మరకలు.

నన్ను చూసి తల తిప్పకుండానే అన్నారు, "ముక్కులోంచి వస్తాండే నెత్తురమ్మా ఇది. పొట్టలోంచి కాదు. నోట్లో చూసినా, వెనక గొంతులో చూసినా. బీపీ బాగుంది. విరేచనం నల్లగా లేదని నర్సు చెప్పింది. పట్టుకుంటే ఆగుతాంది."

"ఎంతసేపైంది సార్?"

"పట్టుకోని నా నడుము పడిపోయేంత సేపైంది. నువ్వు రా, పట్టుకో."

నేను పట్టుకున్నాను. కాసేపటికి వదిలి చూస్తే ఆగిపోయి ఉంది. నీళ్ళయిందన్న నెత్తురు, సూదిమందు పడుతున్న నెత్తురు, వేలితో నొక్కి పట్టుకుంటే ఆగింది.

డ్యూటీ డాక్టరు మెల్లగా అడిగాడు. "సార్, ఇంజెక్షన్ ఆపేద్దామా?"

వార్డు అంతా ఆయన నోటి వైపే చూస్తోంది. అప్పుడే లోపలికి వచ్చిన డైరెక్టరు గారు కూడా. సర్జన్ గారు 'ఆపు' అంటే ఆ ఆసుపత్రిలో నా మాట ఇంక చెల్లదు. ఆయన కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. తుడుచుకున్నారు. మంచం దగ్గరికి తిరిగి వచ్చి, దుప్పటి తీసి, ఆమె రెండు కాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూశారు. వేళ్ళతో పిక్క నొక్కారు.

"నాకు ఇంగా భయమే," అన్నారు నాతో. తర్వాత డ్యూటీ డాక్టరు వైపు తిరిగి, "నేనైతే ఆపను. ముక్కు కోసం మనిషిని పోగొట్టుకుంటామా?" అన్నారు.

ఆ రోజు క్యాంటీన్లో ఆయన నా బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నారు. ఆయన దోసె తెప్పించుకుని సగం తిని, "అప్పుడు ఆయనకు కూడా ప్లాస్మా శానా ఎక్కించినామమ్మా," అన్నారు ఉన్నట్టుండి. బల్ల మీద పోయిన ఆ పాత మనిషి గురించి. ఆ రోజుల్లో ఎవరైనా అదే చేసేవారని చెప్పాను. ఆయన విన్నారో లేదో తెలియదు.

ఇంటికి పంపేముందు సూది వేయడం తమ్ముడికి నేర్పాలి. నేర్పడానికి ఏమీ లేదు. ఏటా వందల జీవాలకు రోగాల సూదులు వేసే చెయ్యి అది. కానీ అక్క జబ్బ పట్టుకోగానే చెమటలు పట్టాయి.

"నేనేమన్నా పొట్టేలునా, మెడ కింద అదిమి పట్టుకుంటాండావు?" అని కసిరింది ఆమె. "మెల్లగ ఎయ్యి."

వేశాడు. మాకంటే శుభ్రంగా వేశాడు.

వెళ్ళేముందు ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "కంపల్లోకి పోవచ్చా?"

"చెప్పులు వేసుకోని పో. ముల్లు గుచ్చుకుంటే పీకేసి, ఆగేదాకా గట్టిగా నొక్కి పట్టుకో. మంచం మీద మాత్రం కూర్చోవద్దు."

ఆమె తమ్ముడి వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరవలేదు. ఏడాది జైలు నుంచి బయటికి వచ్చిన మనిషి చూపు.

నాకు శిక్ష పడలేదని కాదు. ఆ నెలలోనే నా గదిని మొదటి అంతస్తు నుంచి మెట్ల కింది చీకటి గదికి మార్చారు. పరిపాలన కారణాలట. పొట్టల్లో నీళ్ళతో మెట్లెక్కలేని నా పేషెంట్లకు మాత్రం అది మేలే అయింది. డైరెక్టరు గారికి ఆ సంగతి చెప్పి థాంక్స్ కూడా చెప్పాను. ఆయనకు అది నచ్చలేదు.

ఇది చదివి, కాలేయం చెడినవాళ్ళందరికీ ఆ సూది రాయమని అనుకోకండి. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురికి నేనే ఇవ్వలేదు. వాళ్ళ త్రాసు వేరే వైపుకు ఒరిగి ఉంది. నేను చెప్పేది ఒక్కటే. కాగితం మీద ఒక అంకె చూసి మనిషిని మంచానికి కట్టేయకండి. భయం వేస్తే వేయనివ్వండి. ఆ భయాన్ని అంబులెన్సులో పెట్టి ఇంకో ఊరికి పంపించకండి. దారిలో పోయినా ఆ మనిషి మీ మనిషే.

ఆమె ఎన్నేళ్ళు బతికిందని మీరు అడుగుతారు. అందరూ అడుగుతారు. కొన్నేళ్ళే. కాలేయ మార్పిడి వాళ్ళకు అందే పని కాదు. చివరికి కాలేయం పూర్తిగా ఆగిపోయి, మత్తులోకి జారి, తన ఇంట్లోనే పోయింది. నెత్తురు కక్కి పోలేదు. గడ్డ వల్ల పోలేదు. కబురు తెలిసినప్పుడు మా ఆసుపత్రిలో ఒకాయన, "ఎట్లైనా పోయేదే కదా మేడమ్, దానికా అంత గొడవ పడితిరి," అన్నాడు. ఎట్లైనా పోయేదే అన్న మాట ఎవరి గురించైనా అనొచ్చు, మీ గురించి కూడా అనొచ్చు, మరి మీకు బీపీ మాత్రలు ఎందుకు రాస్తున్నాను అని అడిగాను. ఆయన తర్వాత బీపీకి వేరే డాక్టరు దగ్గరికి పోయాడు.

నేను ఆమెను తలుచుకుంటే ఆసుపత్రి మంచం గుర్తుకు రాదు. ఆమె ఇంటికి పోయిన మరుసటి ఏడాది, పంటలు కోసేశాక, ఒక పొద్దున బస్సులో ప్రొద్దుటూరు పోతున్నాను. కోసిన పొలాల్లో మేపుకోవడానికి తొండూరు వైపు మందలు ఆ కాలంలో మా దిక్కుకు వస్తాయి. జమ్మలమడుగు దాటాక బస్సు ఆగిపోయింది. ముందు రోడ్డంతా గొర్రెలు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తిడుతున్నారు.

రోడ్డు నడిమధ్యలో, బస్సుకు ఎదురుగా, కర్ర పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంది. కాస్త వంగిన నడుము, నెత్తిన ముసుగు, కాళ్ళకు తోలు చెప్పులు.

"ఆ హారన్ కొట్టాకప్పా! జీవాలు బెదుర్తాండాయి."

"పక్కకు పోమ్మా, టైమైతాంది! డ్యూటీలకు పోవాల జనం!"

"పోతారులే. యాడికి పోతారు? ఇవి దాటినాక పో."

కండక్టరు దిగి గొడవకు పోయాడు. ఆమె కర్ర నేలకు పోటు పెట్టి, రెండు కాళ్ళ మీద బరువు సమంగా వేసి అలాగే నిలబడింది. చివరి మేకపిల్ల దాటేదాకా ఒక్క అడుగు పక్కకు జరగలేదు. నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను. పిలవలేదు. పిలిస్తే ఆమె తల తిప్పేది, డ్రైవరు సందు చూసుకుని బండి ముందుకు పోనిచ్చేవాడు.

ఆ రోజు నేను డ్యూటీకి లేటు. ఎందుకు లేటైందని డైరెక్టరు గారు అడిగారు. గొర్రెలు అడ్డమొచ్చాయని చెప్పాను.